బిందువుల నడుమ నడిచే గీత

తెలుగు పండితుడు గ్రాఫుల గురించి వ్రాయబూనడమేమిటని మిత్రులకు సందేహం కలుగవచ్చు. ఉన్నత పాఠశాలలో సంధులు, సమాసాలు, ఛందస్సు చెప్పుకొంటూ ఉద్యోగ విరమణ చేసినవాడిని. గళ్ళ కాగితంతో నాకు పని పడిన సందర్భాలు అరుదు. అయినా ఈ విషయం మీద నాకు మక్కువ కలిగింది. మొదట పదం కోసం వెదికాను, ఆ తరువాత చరిత్ర కోసం చదివాను. చదివిన కొద్దీ ఇది మా వృత్తికి మరీ దూరపు సంగతి కాదని తోచింది. ఎందుకో క్రమంగా చెబుతాను.

ముందుగా పదం సంగతి. 'గ్రాఫు' అన్న మాటకు మూలమైన గ్రీకు ధాతువుకు వ్రాయడం, గీయడం అని రెండర్థాలూ ఉన్నాయి. మన 'లిఖ్' ధాతువూ అటువంటిదే. లేఖ అంటే వ్రాత, రేఖ అంటే గీత. 'రలయోరభేదః' అన్న సూత్రం ప్రకారం ఆ రెండూ ఒక్కటే. ఉషాకన్యకు రాకుమారుల రూపాలన్నీ చిత్రించి చూపిన చెలికత్తె పేరు చిత్రలేఖ. తెలుగులోనూ పూర్వం చిత్తరువును 'వ్రాసే'వారు. ఇంగ్లీషులో 'గ్రాఫ్' అన్న నామవాచకం చాలా ఆలస్యంగా వచ్చింది. 1878లో సిల్వెస్టర్ అనే గణితవేత్త రసాయన బంధాల బొమ్మలను గురించి చెబుతూ దానిని వాడాడు. 1886లో క్రిస్టల్ తన బీజగణిత గ్రంథంలో ఈనాడు మనకు తెలిసిన అర్థంలో, అనగా రెండు రాశుల సంబంధాన్ని చూపే గీత అన్న అర్థంలో, వాడాడు. మన పాఠ్యపుస్తకాలలో రేఖాచిత్రం, నిరూపకాలు, మూలబిందువు, అక్షం, వాలు అని చక్కని మాటలు కుదిరాయి. వాటినే ఇక్కడ వాడుతాను.

పదం ఆలస్యంగా వచ్చిందంటే సరే, వస్తువూ ఆలస్యంగానే వచ్చింది. గెలీలియో వాలుబల్ల మీద గుండ్లు దొర్లించి, పడిన దూరం కాలవర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని 1638 నాటి గ్రంథంలో నిరూపించాడు. అందులో ఆ కొలతల గ్రాఫు లేదు. ఉన్నవన్నీ నిష్పత్తులే. రాబర్ట్ బాయిల్ 1662లో గాలి పీడనానికీ ఘనపరిమాణానికీ గల సంబంధాన్ని ప్రకటించినప్పుడు ఇచ్చినది పట్టిక మాత్రమే. ఒక నిలువు వరుసలో తాను కొలిచిన పీడనం, పక్క వరుసలో సిద్ధాంతం ప్రకారం ఉండవలసిన పీడనం. చదువరి రెండు వరుసలనూ పోల్చుకొని తృప్తి పడాలి.

గీయడానికి పనిముట్లు లేకనా అంటే, అదీ కాదు. 14వ శతాబ్దంలోనే నికోల్ ఒరెం అనే ఫ్రెంచి పండితుడు వేగం వంటి గుణాలు పెరగడాన్ని, తరగడాన్ని బొమ్మలుగా గీశాడు. అయితే అవి ఊహకు వేసిన బొమ్మలు, వాటి వెనుక కొలత లేదు. 1637లో దెకార్త్ జ్యామితి గ్రంథం వచ్చింది. రేఖకూ సమీకరణానికీ పెళ్ళి జరిగింది. 1686లో ఎడ్మండ్ హేలీ ఎత్తుతో పాటు గాలి పీడనం ఎలా తగ్గుతుందో ఒక వక్రరేఖగా చూపాడు. అందులోనూ రేఖ ఉంది గాని, కొలిచిన బిందువులు లేవు.

దీనికి కారణం ఇదని నా ఊహ. పట్టికలో ఉన్న ప్రతి అంకె చూచినవాడి సాక్ష్యం. గీత అలా కాదు. అది కొలవని చోట కూడా 'ఇక్కడ ఇంత ఉంటుంది' అంటుంది. కొలిచిన చోట సైతం 'నీ కొలత ఇంత అయినా, అసలుది ఇంత' అని దిద్దుతుంది. తన కొలతలో తప్పు ఉండగలదని, ఆ తప్పును కొలతల సమూహమే సవరించగలదని నమ్మినవాడు తప్ప అటువంటి గీత గీయలేడు. ఆ నమ్మకం కుదరడానికి మరొక శతాబ్దం పట్టింది.

అది కుదిరినవారిలో మొదటగా చెప్పుకోవలసినవాడు యోహాన్ హైన్రిఖ్ లాంబర్ట్ (1728–1777). కాంతిని కొలిచే శాస్త్రానికి పునాది వేసిన గ్రంథం ఆయన 1760లో ప్రచురించాడు. కొలతలలో దొర్లే దోషాలను గురించి, వాటి నడుమ సున్నితమైన వక్రరేఖను నడిపించడాన్ని గురించి సూటిగా ఆలోచించినవాడు ఆయనే. మరణానంతరం 1779లో వెలువడిన ఉష్ణశాస్త్ర గ్రంథంలో నేల లోపలి ఉష్ణోగ్రతల గ్రాఫు ఉంది. వేరువేరు లోతులకు వేరువేరు అలలు. లోతుకు పోయినకొద్దీ అల ఎత్తు తగ్గుతుంది, దాని శిఖరం వెనుకబడుతుంది. ఎండాకాలపు వేడి నేలలోకి ఇంకడానికి నెలలు పడుతుందన్న మాట పట్టికను గంటసేపు చూచినా తట్టదు. గ్రాఫును ఒక్కసారి చూస్తే చాలు.

అదే కాలంలో ఇంగ్లండులో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాల వద్ద యంత్రం చేతనే గ్రాఫు గీయించే ఏర్పాటు జరిగింది. 1796లో వాట్ సహాయకుడు జాన్ సదరన్ పీడనం చూపే సూచికకు పెన్సిలు కట్టి, ముషలకంతో పాటు కదిలే పలక మీద గీత పడేలా చేశాడు. ఆ గీత చుట్టిన వైశాల్యమే యంత్రం చేసిన పని. దానిని చాలా కాలం వ్యాపార రహస్యంగా దాచుకొన్నారు. అంతకు ముందు వాట్ దగ్గరే చిత్తుపటాలు గీసిన విలియం ప్లేఫేర్, 1786లో దేశాల ఎగుమతి దిగుమతులను గీతలుగా అచ్చువేశాడు. చిన్ననాడు తన అన్న జాన్ తన చేత రోజూ ఉష్ణమాపకం చూపించి లెక్క వ్రాయించేవాడని, అంకెలుగా చెప్పగలిగినదంతా గీతలుగానూ చూపవచ్చునని ఆయన వద్దనే నేర్చుకొన్నానని ప్లేఫేర్ చెప్పుకొన్నాడు.

ఇక ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం జాన్ హెర్షెల్‌ది. కన్యారాశిలో గామా అనే నక్షత్రం దూరదర్శినిలో జంటగా కనిపిస్తుంది. రెండు తారలూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. 1718లో బ్రాడ్లీ, పౌండ్ చూచి వ్రాసిన కొలత ఒకటి ఉంది. తరువాత హెర్షెల్ తండ్రి విలియం తీసినవి, ఆ పైన ఇతరులవి ఉన్నాయి. మనుష్యులు వేరు, పరికరాలు వేరు. కొలతలు ఒకదానితో ఒకటి పొసగవు. వాటి నుండి కక్ష్య కనుక్కోవడం ఎలా?

1832లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి సమర్పించి, మరుసటి సంవత్సరం అచ్చయిన వ్యాసంలో హెర్షెల్ ఇలా చేశాడు. నిలువు అడ్డ గీతలతో నిండిన గళ్ళ కాగితం తీసుకొన్నాడు. లెక్కపెట్టడం తేలిక కావడానికి ప్రతి పదవ గీతా ముదురు రంగు. అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా రెండు తారలనూ కలిపే గీత చూపే కోణం. నమ్మదగిన కొలతకు పెద్ద గుర్తు, అంతగా నమ్మరాని దానికి చిన్న గుర్తు. తారల మధ్య దూరాల కొలతలు మరీ అపనమ్మకంగా ఉన్నాయని వాటిని పక్కన పెట్టాడు. పిమ్మట చేతితో తాపీగా ఒక వక్రరేఖ నడిపించాడు. ఆ రేఖ ప్రతి బిందువునూ తాకాలని పట్టు పట్టలేదు. బిందువుల గుంపు నడుమ నుండి, మలుపులు లేకుండా, సాధ్యమైనంత సాఫీగా సాగాలి. ఆ తారలు కుదుపులతో తిరగవు కదా! కుదుపులు చూచినవారి కళ్ళలోవి, పరికరాలలోవి. కెప్లర్ నియమం ప్రకారం జంట దగ్గరైనప్పుడు వేగంగా, దూరమైనప్పుడు నెమ్మదిగా తిరుగుతుంది. కావున గీత వాలును చూచి ఆయా కాలాలలో దూరం కూడా గ్రహించవచ్చు. కొలిచిన దూరాల కన్నా అలా గీత నుండి రాబట్టిన దూరాలే మేలన్నాడు.

ఇది చదివినప్పుడు నాకు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ గుర్తుకు వచ్చాడు. హెర్షెల్ నక్షత్రాల కొలతలు పోగుచేసుకొంటున్న ఆ రోజులలోనే బ్రౌన్ మన దేశంలో వేమన పద్యాల వ్రాతప్రతులు పోగుచేస్తున్నాడు. ఆయన వేమన సంపుటం 1829లో వెలువడింది. ఒక పద్యానికి పది ప్రతులు. లేఖకుని చేజారుడు ఒకటి, విన్నవాడి పొరపాటు ఒకటి, తనకు తోచినట్లు దిద్దిన పండితుని పెత్తనం ఒకటి. ఏ ఒక్క ప్రతీ పూర్తిగా శుద్ధం కాదు. ఏ ఒక్కటీ పూర్తిగా త్రోసివేయదగినదీ కాదు. వాటిని సరిపోల్చి, ఛందస్సు అనే నియమాన్ని చేతబట్టుకొని, మూలపాఠం ఇలా ఉండి ఉంటుందని నిర్ణయించడమే పరిష్కరణం. నమ్మదగిన ప్రతికి ఎక్కువ విలువ, నమ్మరాని దానికి తక్కువ.

హెర్షెల్ గీసిన రేఖ కూడా పరిష్కృత పాఠమే. బిందువులు ప్రతులు. ఛందస్సు స్థానంలో ప్రకృతి సాఫీదనం ఉంది. పోలిక ఇక్కడితో ఆగదు. మంచి పరిష్కర్త తాను ఎంచుకొన్న పాఠాన్ని పైన అచ్చువేసి, పాఠాంతరాలను అడుగున చూపుతాడు. అట్లే మంచి గ్రాఫులో గీత ఎంత స్పష్టంగా ఉంటుందో బిందువులూ అంత స్పష్టంగా ఉంటాయి. చూచినవాడు 'ఈ గీత మరొక విధంగా వేయవచ్చునే' అని వాదించగలగాలి. ఆ అవకాశం ఇవ్వని గ్రాఫు ఎంత అందంగా ఉన్నా సాక్ష్యాన్ని దాచిన తీర్పు వంటిది.

కొలతలు ఆగిన చోట ఏమవుతుందో కూడా ఆ జంట తారలే నేర్పాయి. హెర్షెల్ తొలి లెక్కలలో వాటి పరిభ్రమణ కాలం 500 సంవత్సరాలకు పైబడి వచ్చింది. అప్పటికి వేగమైన భాగం ఇంకా సరిగా కొలతలకు అందలేదు. 1836లో రెండు తారలూ ఎంత దగ్గరయ్యాయంటే, ఆఫ్రికా దక్షిణాగ్రాన ఉండి చూస్తున్న హెర్షెల్‌కు ఒక్క తారగా కనిపించాయి. కొత్త కొలతలు చేరాక ఆయన తన లెక్కను 200 ఏళ్ళ లోపుకు దించుకొన్నాడు. ఈనాటి విలువ సుమారు 169 సంవత్సరాలు. 2005లో అవి మళ్ళీ అంత దగ్గరకు వచ్చాయి. బిందువుల మధ్య విలువను గ్రహించడం అంతర్వేశనం, బిందువులు ఆగిపోయిన తరువాత గీతను పొడిగించడం బహిర్వేశనం. మొదటిదానికి కొలతలు రెండు వైపులా కావలి ఉంటాయి. రెండవదానికి ఒక వైపు కావలి లేదు.

గీత సరే, గీసే కాగితం సంగతి? అచ్చువేసిన గళ్ళ కాగితం 18వ శతాబ్దం చివరలోనే ఇంగ్లండులో అమ్మకానికి వచ్చినా, సామాన్యులకు అందేంత చవక కాదు. పైగా కాగితం తేమకు సాగుతుంది, ఎండకు ముడుచుకొంటుంది. నీటి ఆవిరి పీడనాలను అసాధారణ సూక్ష్మతతో కొలిచి 1847లో ప్రకటించిన ఫ్రెంచి శాస్త్రవేత్త రెన్యో, ఈ చిక్కు తప్పించడానికి రాగిరేకు మీద గళ్ళు చెక్కించి, దాని మీదనే బిందువులు గుర్తించాడు. కొలతలో సంపాదించిన సూక్ష్మత గీతలో పోకూడదన్నది ఆయన పట్టుదల. 1901లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభలో జాన్ పెర్రీ, గణితం తర్కాభ్యాసంగా కాక పనికి వచ్చే విద్యగా చెప్పాలని, ప్రతి పిల్లవాని చేతికీ గళ్ళ కాగితం ఇవ్వాలని గట్టిగా వాదించాడు. జపాను రాజధానిలో ఇంజనీరింగు బోధించిన అనుభవం ఆయనది. మన బడులలో ప్రాక్టికల్ రికార్డుల మధ్య కుట్టి ఉండే ఆ లేతరంగు గళ్ళ పుటలకు ఆ ఉద్యమం పూర్వచరిత్ర.

మన పిల్లలకు ఆ పుట మీద మొదట ఎదురయ్యే వాటిలో లఘులోలకం ఒకటి. నేను పని చేసిన ఒక బడిలో భౌతికశాస్త్రం చెప్పే మాస్టారు ఒకాయన ఉండేవారు. రికార్డులు దిద్దుతూ ఒకనాడు నవ్వుకొంటున్నారు. కారణం అడిగాను.

"చూడండి పంతులుగారూ, నలభై మంది పిల్లలు, నలభై లోలకాలు. అందరికీ గురుత్వ త్వరణం సరిగ్గా 980 వచ్చింది. ఇందులో లోలకం మాట ఒక్కటీ లేదు, అంతా పుస్తకం మాటే" అన్నారు.

"జవాబు తెలిసినప్పుడు వెనుక నుండి లెక్క కట్టుకొంటారు కదండీ" అన్నాను.

"అదే కదా బాధ! 962 వచ్చినవాడు తెచ్చి చూపితే ఆ తేడా ఎక్కడిదో చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పడానికి ఏమీ లేదు."

ఆయన చెప్పదలచుకొన్నది ఇది. లోలకం పొడవును అడ్డంగా, డోలన కాలపు వర్గాన్ని నిలువుగా తీసుకొంటే సరళరేఖ వస్తుంది. కాలాన్నే తీసుకొంటే వక్రరేఖ వస్తుంది, అది ఏ వక్రరేఖో కంటితో పోల్చుకోలేము. సరళరేఖను మాత్రం ఎవరైనా పోల్చుకోగలరు. ఇప్పుడు ఒక పిల్లవాడు పొడవును గుండు మధ్యబిందువు దాకా కాక, దారం చివర వరకే కొలిచాడనుకొందాం. గుండు వ్యాసార్ధం 1 సెంటీమీటరు. పొడవును కాలవర్గంతో భాగించి లెక్క కడితే 50 సెంటీమీటర్ల వద్ద 961, 100 సెంటీమీటర్ల వద్ద 970 వస్తాయి. సగటు తీసినా తప్పే. అదే గ్రాఫు గీస్తే రేఖ వాలు ఏమాత్రం మారదు, 980 నిక్కచ్చిగా వస్తుంది. మారేది ఒక్కటే: రేఖ మూలబిందువు గుండా పోక, పొడవుల అక్షాన్ని 1 సెంటీమీటరు వెనుక ఖండిస్తుంది. అంటే గ్రాఫు సరైన జవాబు ఇవ్వడమే కాక, పిల్లవాడు ఎక్కడ తప్పు కొలిచాడో, ఎంత తప్పు కొలిచాడో కూడా చెబుతుంది. 'సున్నా పొడవుకు సున్నా కాలం గదా' అని రేఖను బలవంతంగా మూలబిందువుకు లాగినవాడు ఆ సమాచారాన్ని తన చేతులతో తుడిచేస్తాడు.

జవాబు చూచి బిందువులు పెట్టడాన్ని మా భాషలో ప్రక్షిప్తం అంటాము. తాను వ్రాసిన పద్యాన్ని కవి పేరు మీద కావ్యంలో దూర్చడం. చిత్రమేమంటే, ఇంగ్లీషువారు కావ్యంలో దూర్చిన ప్రక్షిప్తానికీ, గ్రాఫులోని అంతర్వేశనానికీ ఒకే మాట వాడుతారు. మొదటిది దొంగతనం, రెండవది శాస్త్రం. రెండింటికీ తేడా బిందువులు నిజంగా కొలిచినవా కాదా అన్నదే.

ఏ రాశిని ఏ అక్షం మీద పెట్టాలన్న నిర్ణయం ఎంత గొప్పదో హెన్రీ మోస్లీ చూపాడు. 1913, 1914 సంవత్సరాలలో ఆయన మూలకాలు వెలువరించే ఎక్స్‌కిరణాల పౌనఃపున్యాలు కొలిచాడు. పౌనఃపున్యపు వర్గమూలాన్ని ఒక అక్షం మీద, ఆవర్తన పట్టికలో మూలకపు వరుస సంఖ్యను మరొక అక్షం మీద పెట్టాడు. అల్యూమినియం నుండి బంగారం దాకా బిందువులు సరళరేఖలలో నిలిచాయి. పరమాణు భారం ప్రకారం అమర్చితే కోబాల్టు, నికెల్ తారుమారవుతాయి. వరుస సంఖ్య ప్రకారం అవి తమ స్థానాలలో కుదిరాయి. అంటే మూలకపు అసలు గుర్తింపు భారం కాదు, ఆ సంఖ్య. రేఖ మీద 43, 61, 75 చోట్ల బిందువులు లేవు. ఆయన అక్కడ ఖాళీలను ఖాళీలుగానే వదిలాడు. 75వది 1925లో, 43వది 1937లో, 61వది 1945లో దొరికాయి. అవి చూడడానికి మోస్లీ లేడు. 1915 ఆగస్టులో గల్లిపోలీ యుద్ధరంగంలో 27వ ఏట మరణించాడు.

గ్రాఫు ముందు మనిషి ఇష్టాయిష్టాలు ఎలా తలవంచాలో, ఎక్కడ వంచక తప్పుకొంటాయో ఒకే మనిషి జీవితంలో చూడవచ్చు. ఆయన రాబర్ట్ మిలికన్. కాంతి కణాలుగా వస్తుందన్న ఐన్‌స్టైన్ 1905 నాటి ఊహ ఆయనకు ఏమాత్రం నచ్చలేదు. ఆ ఊహ ప్రకారం, కాంతి పౌనఃపున్యాన్ని ఒక అక్షం మీద, లోహం నుండి వెలువడే ఎలక్ట్రానులను ఆపగల వోల్టేజిని మరొక అక్షం మీద పెడితే సరళరేఖ రావాలి. దాని వాలు లోహాన్ని బట్టి మారకూడదు. మిలికన్ ఏళ్ళ తరబడి శ్రమించాడు. లోహపు ఉపరితలం మీద మకిలి చేరకుండా, గాలి తీసిన గాజుపాత్ర లోపలే కత్తితో లోహాన్ని చెక్కే ఏర్పాటు చేశాడు. 1916లో ఫలితాలు ప్రకటించాడు. బిందువులు చక్కని సరళరేఖలో ఉన్నాయి. వాలు నుండి ప్లాంక్ స్థిరాంకం 6.57 × 10⁻²⁷ ఎర్గ్ సెకండ్లు వచ్చింది. 2019 నుండి నిర్వచనంగా స్థిరపరచిన విలువ ఇంచుమించు 6.626. తేడా ఒక శాతం లోపే. ఐన్‌స్టైన్ ఇచ్చిన భౌతిక వివరణను ఆ వ్యాసంలో కూడా మిలికన్ అంగీకరించలేదు. గీతను మాత్రం వచ్చినది వచ్చినట్లు అచ్చువేశాడు. తనకు నచ్చని పాఠం ప్రతులన్నింటా కనిపిస్తే, దానినే పైన అచ్చువేసే పరిష్కర్త ధర్మం అది.

అదే మిలికన్ నూనె బిందువులతో ఎలక్ట్రాను ఆవేశాన్ని కొలిచి 1913లో ప్రకటించిన వ్యాసంలో 58 నూనె బిందువుల లెక్కలిచ్చి, ఇవి ఏరి తీసినవి కావని, 60 రోజులలో ప్రయోగం చేసినవన్నీ ఇవేనని వ్రాశాడు. ఆయన నోటు పుస్తకాలు చూచిన చరిత్రకారులు అంతకన్నా ఎన్నో ఎక్కువ బిందువులు అందులో ఉన్నాయని 1978 నుండి చర్చిస్తూ వచ్చారు. వదలివేసినవాటిలో చాలా వరకు అసంపూర్ణమైన కొలతలేనని కొందరు సమర్థించారు. అన్నీ కలిపి లెక్క కట్టినా ఫలితం పెద్దగా మారదని తేలింది కూడా. కావచ్చు. కాని వదిలినప్పుడు వదిలామని చెప్పవలసింది. పాఠం సరైనదే అయినా పాఠాంతరాలను మరుగుపరచి 'ప్రతులన్నీ ఇవే' అన్న పరిష్కర్త మీద రేపటివారికి అనుమానం రాక తప్పదు.

మరొక ప్రసిద్ధమైన గ్రాఫు ఎడ్విన్ హబుల్‌ది, 1929 నాటిది. 24 నెబ్యులాల దూరాలు అడ్డంగా, అవి మననుండి తొలగిపోయే వేగాలు నిలువుగా. బిందువులు బాగా చెదిరి ఉన్నాయి. వాటి నడుమ ఆయన సరళరేఖ నడిపించాడు. విశ్వం వ్యాకోచిస్తోందన్న మహాభావానికి ఆ గీత ఆధారమైంది. అందులో ఒక చిన్న లోపం అచ్చయిపోయింది. వేగం అక్షం మీద 'కిలోమీటర్లు' అని మాత్రమే ఉంది, 'సెకనుకు' అన్న మాట లేదు. అంతటివానికే ప్రమాణం జారిపోయిందని పిల్లలకు చెబితే బాగా గుర్తుంటుంది. అంతకన్నా పెద్ద సంగతి వాలుది. ఆయనకు వచ్చిన విలువ మెగాపార్సెక్కుకు సెకనుకు సుమారు 500 కిలోమీటర్లు, ఈనాటిది 70కి అటూ ఇటూ. దూరాలన్నీ దాదాపు ఒకే పాళ్ళలో తక్కువగా అంచనా కట్టడం దానికి ముఖ్య కారణం. కొలబద్దే పొట్టిదైతే బిందువులు వరుసలో నిలిచినా వాలు తప్పుతుంది. గీత తిన్ననిదైతే చాలు, అంతా ఒప్పేనని సంబరపడరాదు.

ఇంత చరిత్ర చెప్పుకొన్నాక, రికార్డులలో కనిపించే నియమాలు మొక్కుబడివి కావని తెలుస్తుంది. స్కేలు ఎంచుకొనేటప్పుడు ఒక పెద్ద గడికి 1, 2, 5, 10 వంటి విలువలే తీసుకోవాలి. 3, 7 తీసుకొంటే చిన్న గళ్ళ విలువ కట్టడంలో తప్పులు దొర్లుతాయి. గ్రాఫు కాగితంలో సగానికి పైగా పరచుకోవాలి, లేకుంటే కొలతలోని సూక్ష్మత రెన్యో భయపడినట్లు కాగితం మీద పోతుంది. మనం మార్చే రాశి అడ్డంగా, దానిని బట్టి మారే రాశి నిలువుగా. ప్రతి అక్షం పక్కన రాశి పేరు, ప్రమాణం. బిందువును మొన తేలిన పెన్సిలుతో చిన్న గుణకారపు గుర్తుగానో, సున్న చుట్టిన చుక్కగానో పెట్టాలి. కందిగింజంత చుక్క పెడితే బిందువు ఎక్కడుందో పెట్టినవాడికే తెలియదు. కొలతలో ఎంత సందేహముందో అంత పొడవు నిలువుగీత ఆ బిందువు మీద ఉంచితే, అది హెర్షెల్ పెద్ద గుర్తు చిన్న గుర్తుల పని చేస్తుంది.

సరళరేఖకు పారదర్శకమైన స్కేలు మేలు, అడుగున ఉన్న బిందువులూ కనబడతాయి. రేఖకు పైన, క్రింద బిందువులు సమంగా ఉండడం ఒక్కటే చాలదు. ఒక కొసలో అన్నీ పైన, మరొక కొసలో అన్నీ క్రింద ఉన్నాయంటే వాలు తప్పినట్టు. ముందు పైన, మధ్యలో క్రింద, చివర మళ్ళీ పైన ఉన్నాయంటే అది సరళరేఖే కాదు. ఇంటర్మీడియెట్టులో గాజు పట్టకానికి గీసే విచలన కోణపు వక్రరేఖ వంటివాటికి కాగితాన్ని తిప్పుకొని, చేయి వక్రపు లోపలి వైపున ఉండేలా చూచుకొని, ఒకే ఊపున గీయాలి. చుక్క నుండి చుక్కకు ముక్కలుగా కలిపితే కనిష్ఠ స్థానం ఎక్కడో తెలియదు. వాలు కట్టడానికి రేఖ మీద బాగా ఎడంగా ఉన్న రెండు స్థానాలు తీసుకోవాలి, కొలిచిన బిందువులు కాదు. వాటినే తీసుకొంటే ఇంత పరిష్కరణం చేసి మళ్ళీ రెండు ప్రతులకే కట్టుబడినట్టు. గుంపుకు దూరంగా ఒక బిందువు పడితే చెరపరాదు. మళ్ళీ కొలవాలి. అప్పటికీ అక్కడే ఉంటే సున్న చుట్టి, పక్కన ఆ మాట వ్రాయాలి. మళ్ళీ కొలవాలంటే పరికరాలు బల్ల మీదే ఉండాలి కావున, కొలుస్తూనే గుర్తించుకొంటూ పోవడం మంచిది.

ఇప్పుడు ఇదంతా కంప్యూటరు చేస్తుంది గదా అంటారు. నిజమే. లెజాండ్ర్ 1805లో, గౌస్ 1809లో ప్రకటించిన కనిష్ఠ వర్గాల పద్ధతిని యంత్రం రెప్పపాటులో చేసిపెడుతుంది. కాని 1973లో ఆన్స్‌కోంబ్ అనే గణాంకవేత్త నాలుగు పట్టికలు తయారుచేశాడు. ఒక్కొక్క దానిలో 11 బిందువులు. నాలుగింటికీ సగటులు ఒకటే, లెక్కలో వచ్చే సరళరేఖా ఒకటే. గీసి చూస్తే ఒకటి మామూలు సరళరేఖ, ఒకటి వంపు తిరిగిన వక్రరేఖ, ఒకదానిలో ఒక్క బిందువు దారి తప్పింది, మరొకదానిలో ఒక్క బిందువు మీదనే రేఖ అంతా వేలాడుతోంది. లెక్క నాలుగింటినీ ఒకే గాట కట్టింది, కన్ను విడదీసింది. ఇక కొన్ని సాఫ్టువేర్లలో 'సాఫీ గీత' అన్న మీట నొక్కితే, ప్రతి బిందువునూ తాకుతూ పాములా మెలికలు తిరిగే గీత వస్తుంది. చూడడానికి నున్నగా ఉన్నా, అది ప్రతి లేఖకుని చేజారుడునూ మూలపాఠంగా అచ్చువేయడమే.

మా మాస్టారు ఆ ఏడాది నుండి రికార్డులలో ఒక నియమం పెట్టారు. జవాబుకు మార్కులు లేవు. బిందువులకు, గీతకు, ఆ రెండింటికీ నడుమ ఉన్న తేడాను గురించి పిల్లవాడు తన మాటలలో వ్రాసే రెండు వాక్యాలకు మార్కులు. మరుసటి పరీక్షలలో 940 నుండి 1010 దాకా రకరకాల విలువలు వచ్చాయి. ఆ రెండు వాక్యాలలోని తెలుగు దిద్దడానికి అప్పుడప్పుడు నన్ను పిలిచేవారు. 'దారం సాగినట్లున్నది', 'ఫ్యాను గాలికి గుండు పక్కకు ఊగినది' వంటి వాక్యాలవి. సంధి దోషాలు లేకపోలేదు గాని, పిల్లలు తాము చూచినది తామే వ్రాసిన వాక్యాలు నాకు మా తెలుగు పేపర్లలో కూడా అంతగా దొరకలేదు.

మీలో భౌతికశాస్త్రం చదివినవారు, చెప్పినవారు చాలామంది ఉన్నారని ఎరుగుదును. మీ ప్రయోగశాలలలో గ్రాఫు ఎలా నేర్పారో, 980 రానివారి గతి ఏమయిందో వ్యాఖ్యలలో తెలుపగలరు. పారిభాషిక పదాలకు ఇంతకన్నా మంచి తెలుగు మాటలు వాడుకలో ఉంటే అవి కూడా చెప్పండి, నా పట్టికలో చేర్చుకొంటాను.